వల ఆరేసినట్టు గీయండి: బరంపురం వీధిలో స్పైడర్‌మ్యాన్ బొమ్మ

ఒడిశాలో బరంపురం దగ్గరున్న గోపాల్‌పూర్ ఒడ్డుకు మధ్యాహ్నం పూట వెళితే బోర్లించిన పడవల మీద వలలు ఆరేసి కనిపిస్తాయి. ఒక పడవ దగ్గర నిలబడి ఆ వల కన్నులను కాసేపు చూడండి. పడవ వీపు మీద, మనకు ఎదురుగా ఉన్న చోట, కన్నులు బాగా విప్పారి ఉంటాయి. పక్కకు దిగే కొద్దీ సన్నబడతాయి, ఏటవాలుగా వాలతాయి. మన చూపు ఆగిపోయే అంచు దగ్గరకు వచ్చేసరికి దారాలన్నీ ఒకదాని వెనుక ఒకటి చేరి దాదాపు ఒకే గీతలా కలిసిపోతాయి. కింద ఉన్న పడవ ఎంత గుండ్రంగా ఉందో, ఎక్కడ వంపు తిరిగిందో మొత్తం ఆ వలే చెప్పేస్తుంది.

స్పైడర్‌మ్యాన్ ముసుగు మీద ఉండే గీతలు చేయవలసిన పని అదే. నేను చిన్నప్పుడు ఈ సంగతి తెలియక, నోటు పుస్తకం అట్ట మీది బొమ్మ చూసి ముఖం నిండా స్కేలు పెట్టి గళ్లు గీశాను. ముఖం పలకలా చదునుగా వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో చాలా ఏళ్లు అర్థం కాలేదు. వల కుడుతున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటున్న రోజున అర్థమైంది. "బాబూ, ముందు పడవ గీయి. వల తరవాత పరుచుకోవచ్చు" అన్నాడాయన. ఒడియా వాళ్లు నోళియాలని పిలిచే ఆ జాలరుల ఇంటి భాష తెలుగే కాబట్టి పాఠం నా భాషలోనే అందింది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే క్రమం కూడా అదే: ముందు ఒళ్లు, తరవాత వల.

ఏ స్పైడర్‌మ్యాన్?

పెన్సిలు పట్టేముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. ఆయన మొదటిసారి కనిపించింది 1962 ఆగస్టు తేదీతో వచ్చిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో. రచన స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. డిట్కో గీసిన వాడు సన్నగా, కీళ్లు తేలి, నిజంగానే సాలీడులా ఒదిగి కూర్చునే కుర్రాడు. చంకల కింద చిన్న వల తెరలు కూడా ఉంటాయి. 1966లో బొమ్మల పని జాన్ రొమీటా చేతికి వచ్చాక ఒళ్లు నిండింది, అందం పెరిగింది. 1988లో టాడ్ మెక్‌ఫార్లేన్ వచ్చి కళ్లను బాగా పెద్దవి చేశాడు, ఒంటిని మెలికలు తిప్పాడు, విసిరే దారాన్ని చిక్కుపడిన తాడులా గీశాడు. ముగ్గురి దుస్తులూ ఎరుపు నీలాలే. అయినా ముగ్గురు మనుషులూ వేరు.

కొత్తగా మొదలుపెట్టేవారికి డిట్కో తరహా ఒళ్లే మంచిదని నా అభిప్రాయం. కండలు తక్కువ కాబట్టి ఎముకల అమరిక మీద దృష్టి నిలుస్తుంది. పైగా మన వీధిలో పిల్లవాడెవరైనా అలా కూర్చోగలడు, చూసి గీసుకోవచ్చు.

2004లో ఈ వీరుణ్ని ముంబయి కుర్రాడిగా, పవిత్ర్ ప్రభాకర్ అనే పేరుతో, ధోవతి కట్టించి ఒక కథగా తెచ్చారు. దాని బొమ్మలు జీవన్ జె. కాంగ్ గీశాడు. ముసుగు పోలిక చెడనంత వరకు ఈ వీరుడు ఏ ఊరి బట్టయినా కట్టుకోగలడని నాకు ధైర్యం వచ్చింది ఆ బొమ్మలు చూశాకే. మీరు బరంపురం పట్టు ఉత్తరీయం వేసినా తప్పు లేదు.

ఎక్కడ ఉన్నాడు, ఏం చేస్తున్నాడు?

ఇది చాలామంది వదిలేసే మెట్టు. తెల్ల కాగితం మధ్యలో గాలిలో వేలాడే వీరుణ్ని గీసి, వెనుక నాలుగు గీతలతో మేడలు పెట్టేస్తారు. న్యూయార్క్‌లో ఆయనకు ఆకాశాన్ని తాకే భవనాలున్నాయి, దారం దేనికో ఒకదానికి అంటుకుంటుంది. బరంపురం పాత వీధుల్లో ఎక్కువగా ఉండేవి రెండు మూడు అంతస్తుల మేడలు. ఇక్కడ ఆ దారం దేనికి తగులుతుంది? మంచినీళ్ల ట్యాంకుకా, కరెంటు స్తంభానికా, కొబ్బరి చెట్టుకా?

కొబ్బరి చెట్టుకే అనుకుందాం. అప్పుడు చెట్టు వంగాలి. మట్టలు ఒక పక్కకు ఊగాలి, ఒకటి రెండు పిందెలు రాలినా రాలాలి. యాభై అరవై కిలోల మనిషి దారం పట్టుకుని వేలాడుతున్నాడని పాఠకుడు నమ్మేది ఆ వంగిన చెట్టును చూసే. చెట్టు నిటారుగా నిలబడి ఉంటే వీరుడు కాగితం బొమ్మ అయిపోతాడు. ఎత్తులు తక్కువ కాబట్టి భంగిమ కూడా మారుతుంది. ఆకాశంలో ఊగడం తగ్గి గోడను కరుచుకోవడం, పిట్టగోడ మీద ఒదగడం, పైకప్పుల మీద పరుగు పెరుగుతాయి. నిజానికి ఈ భంగిమలే సాలీడుకు దగ్గర.

కాబట్టి ముందు ఒక వాక్యం రాసుకోండి. నాది ఇది: "ఠాకురాణి జాతర రాత్రి, వీధి దీపాల తోరణాల పైన, మేడ అంచున ఒదిగి కూర్చుని కింద జనాన్ని చూస్తున్నాడు." ఠాకురాణి జాతర అంటే బరంపురం అమ్మవారి జాతర, దాని సంగతి కాస్త తరవాత చెబుతాను. ఇక్కడి నుంచి ఈ వాక్యాన్నే పట్టుకుని నడుస్తాను. అగ్గిపెట్టెంత గళ్లు ఆరు గీసి, ఒక్కో దానిలో ఆ వాక్యాన్ని ఒక్కో విధంగా, పైనుంచి, కింది నుంచి, పక్కనుంచి, గీయండి. ఒక్కో దానికి రెండు నిమిషాలు చాలు. మొదటి మూడూ ఎక్కడో చూసిన బొమ్మలే వస్తాయి. నాలుగోది సాధారణంగా మీది.

సామగ్రి

హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు, 0.1, 0.5 మందం నల్ల సిరా పెన్నులు, ఒక బ్రష్షు. రంగు నీళ్లతో వేస్తే కాగితం కనీసం 200 జీఎస్‌ఎం మందం ఉండాలి, లేదంటే అలలు తేలుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలోనే తడి ఎక్కువ కాబట్టి, కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అట్టకు అంటించాకే పని మొదలుపెట్టండి.

ఒళ్లు

మొదటి గీత నడుము ద్వారా పోయే ఒకే ఒక వంపు. తల నుంచి కాలి మడమ దాకా ఒంటి ఊపును చెప్పే గీత అది. ఒదిగి కూర్చున్నవాడికి అది చుట్ట చుట్టిన 'ద' ఒత్తులా లోపలికి తిరుగుతుంది, దూకేవాడికి విల్లులా సాగుతుంది. ఆ వంపు బాగా వస్తే సగం పని అయినట్టే. నచ్చేదాకా పదిసార్లు గీయండి.

కొలత తలతో కొలుస్తాం. మామూలు మనిషి నిలబడితే సుమారు ఏడున్నర తలల ఎత్తు. కామిక్ వీరులకు ఎనిమిది, ఒక్కోసారి ఎనిమిదిన్నర ఇస్తారు. మన కుర్రాడికి ఎనిమిది చాలు, కానీ కాళ్లు చేతులు కాస్త పొడుగ్గా ఉంచండి. కూర్చున్నప్పుడు మోకాళ్లు చెవుల ఎత్తుకు వచ్చినా పరవాలేదు, అది ఆయన గుర్తు.

ఆ వంపు మీద మూడు ముద్దలు కూర్చండి: తలకు కోడిగుడ్డు, ఛాతీకి బోర్లించిన కుండ, తుంటికి చిన్న గిన్నె. కుండకు, గిన్నెకు మధ్య నడుము బట్ట పిండినట్టు మెలిక తిరగాలి. చేతులు, కాళ్లు గొట్టాలు. కీళ్ల దగ్గర చిన్న బంతులు.

ఇక్కడ తమ్ముణ్నో, చెల్లెల్నో పిలవండి. ఇంటి అరుగు మీద అలా ఒదిగి కూర్చోమని, ఫోనుతో మూడు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. మేడ మీద పిట్టగోడ ఎక్కించవద్దు, అరుగు సరిపోతుంది. ఫోటోలో మీ ఊహకు రాని సంగతి ఏదో ఒకటి దొరుకుతుంది. నాకు దొరికినది కాలి వేళ్లు. ఒదిగి కూర్చున్న మనిషి బరువు మొత్తం ముందు పాదం మీదకు వచ్చి వేళ్లు విచ్చుకుంటాయి, మడమ లేస్తుంది. బూటు లోపలైనా ఆ ఒత్తిడి కనిపించాలి. అంచును పట్టుకున్న చేతి వేళ్ల కణుపులు కూడా అలాగే తేలతాయి.

పులివేషం నేర్పే పాఠం

బరంపురంలో రెండేళ్లకు ఒకసారి చైత్రంలో వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలో వేషాలు చూడనివారు ఈ జిల్లాలో తక్కువ. దేవుళ్లు, రాక్షసులు, మునులు, అన్నిటికన్నా మిన్నగా పులి. పులివేషం కట్టేవారు ఒంటికి పసుపు రంగు పూసి, దాని మీద నల్ల చారలు దిద్దించుకుంటారు. మీరు కాస్త ముందుగా వెళ్లి, చారలు దిద్దే చోట నిలబడండి. దిద్దే ఆయన పొట్ట మీద చారను తిన్నగా లాగడు. పక్కటెముకల వంపు వెంట తెచ్చి, బొడ్డు దగ్గర కిందికి వంచి, నడుము చుట్టూ తిప్పి వీపుకు చేరుస్తాడు. ఆటగాడు ఊపిరి పీల్చి వంగినప్పుడు చారలు కూడా దగ్గరవుతాయి, నిక్కినప్పుడు విడిపోతాయి. బిగుతు దుస్తులు వేసిన వీరుణ్ని గీయడానికి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు. రెండు సాయంత్రాలు అక్కడ చిన్న పుస్తకం పట్టుకుని నిలబడితే కండరాల పాఠం వంటబడుతుంది.

ఇంటికి వచ్చి మీ గొట్టాల బొమ్మ మీద అలాంటి చారలు లేత పెన్సిలుతో చుట్టండి. ఏ చార ఎటు వంగాలో అనుమానం వస్తే ఒక స్టీలు గ్లాసు, దాని చుట్టూ రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. మూతి మీ వైపు వంచితే బ్యాండ్ల ముందు వంపు అడుగు వైపు జారుతుంది. అడుగు మీ వైపు తిప్పితే వంపు మూతి వైపు పోతుంది. చెయ్యి కూడా గ్లాసే. పిడికిలి మన వైపు చాచి ఉంటే మణికట్టు మీది చుట్లు మోచేతి వైపు ఉబ్బుతాయి, పిడికిలి దూరంగా పోతుంటే వేళ్ల వైపు ఉబ్బుతాయి. ఇది తప్పితే ఎంత బాగా రంగు వేసినా చెయ్యి విరిగినట్టే కనిపిస్తుంది.

ముసుగు

ఈ బొమ్మకు ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడవద్దు.

ముందు ఒక బత్తాయి తీసుకోండి. దాని మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి అన్ని వైపులా స్కెచ్ పెన్నుతో ఎనిమిది గీతలు లాగండి. ఇప్పుడు చుక్క మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుని ఒకసారి, కాస్త పక్కకు తిప్పి ఒకసారి, కిందికి వంచి ఒకసారి, చూసి గీయండి. పక్కకు తిప్పినప్పుడు దగ్గరి వైపు గీతలు విశాలంగా విచ్చుకుని, అవతలి వైపువి పొట్టిగా, ఎక్కువ వంపుతో అంచు వెనక్కు దాక్కుంటాయి. ఈ మూడు బొమ్మలూ పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు తల. కోడిగుడ్డు ఆకారం మీద నుదుటి నుంచి గడ్డం దాకా మధ్య గీత, సగం ఎత్తులో కళ్ల గీత. తల వంగి కింది జనాన్ని చూస్తోంది కాబట్టి కళ్ల గీత మధ్యలో కిందికి దిగి, రెండు చివరలా పైకి వంగుతుంది. వల కన్నా ముందు కళ్లు గీయాలి. తెల్లటి కన్ను చుట్టూ మందమైన నల్ల అంచు. ముక్కు వైపు కొస సన్నంగా కిందికి దిగి, బయటి వైపు వెడల్పుగా పైకి లేస్తుంది. ఆ ముఖంలో నోరు లేదు, కనుబొమలు లేవు, భావం చెప్పేది ఈ రెండు ఆకారాలే. కోపానికి లోపలి కొసను దింపండి, ఆశ్చర్యానికి మొత్తం కన్ను పెంచండి. జాతర చూస్తున్నవాడికి నేను కళ్లు కాస్త గుండ్రంగా వదిలాను, కింద దీపాల వెలుగులు చూసి పిల్లవాడిలా మురుస్తున్నాడని.

కళ్లు కుదిరాక, ముక్కు దూలం మీద, రెండు కళ్ల మధ్య, కేంద్రం చుక్క పెట్టండి. అక్కడి నుంచి నిలువు, అడ్డం, రెండు ఏటవాలు గీతలు లాగితే ఎనిమిది చీలికలు వస్తాయి. ఒక్కో దాన్ని మళ్లీ సగం చేస్తే పదహారు. ఇవన్నీ తల వంపు వెంట బత్తాయి గీతల్లా వంగి పోవాలి, కంటి నల్ల అంచు తగిలిన చోట ఆగిపోవాలి, కంటి అవతల మళ్లీ అదే దారిలో బయలుదేరాలి. అవతల బయలుదేరే చోటు తప్పకుండా ఉండాలంటే గీతను కంటి మీదుగా చాలా లేతగా లాగి, తరవాత లోపలి భాగం చెరిపేయండి.

ఇక అడ్డ దారాలు. రెండు గీతల మధ్య మామిడాకుల తోరణం కట్టినట్టు దారం కుంగుతుంది. అయితే గుమ్మానికి కట్టిన తోరణం నేల వైపు వేలాడుతుంది, ముసుగు మీది తోరణం కేంద్రం చుక్క వైపు వేలాడుతుంది. ఈ ఒక్క దిశ మరిచిపోతే సాలెగూడు కాస్తా గొడుగు అయిపోతుంది. కేంద్రం దగ్గర తోరణాలు ఒత్తుగా, నుదుటి మధ్యకు వచ్చేసరికి ఎడంగా, మళ్లీ తల అంచు దగ్గర ఒత్తుగా ఉండాలి. చివరి ఒత్తు ఆరేసిన వల ఒత్తు: గూడు మారలేదు, తల అటు తిరిగిపోయింది.

మిగతా దుస్తులు

వల గీతలు ఎరుపు మీదే ఉంటాయి, నీలం ఖాళీగా ఉండాలి. ముసుగు, భుజాలు, ఛాతీ మధ్య భాగం, నడుము పట్టీ, చేతి తొడుగులు, బూట్లు ఎరుపు. పక్కటెముకల వైపులు, చేతుల లోపలి వైపు, తొడలు నీలం. ఛాతీ మధ్యలో నల్ల సాలీడు గుర్తు. ఒదిగి కూర్చున్నప్పుడు అది సగం నీడలోకి పోతుంది, పూర్తిగా చూపించాలని ఒంటిని బలవంతాన ఎదురుగా తిప్పవద్దు.

సిరా

బయటి గీతలు 0.5తో, వల గీతలు 0.1తో. వెలుతురు తగిలే వైపు గీత సన్నంగా, నీడ వైపు మందంగా ఉంటే సగం షేడింగు సిరాలోనే అయిపోతుంది. దూరంగా ఉన్న కాలి మీద వల మొత్తం గీయకండి, అక్కడక్కడ తెంచి వదిలితే చూసేవారి కన్నే పూరించుకుంటుంది. డిట్కో తొలి బొమ్మల్లో నీలం భాగాల్లో నలుపు చాలా ఎక్కువ, నీలం మెరుపులా మాత్రమే ఉండేది. రాత్రి దృశ్యానికి ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది.

చెయ్యి కింద ఒక తెల్ల కాగితం ముక్క పెట్టుకోండి. మే నెలలో అరచేతి చెమటకు ఒక రాత్రి పని మొత్తం నాకు చెరిగిపోయింది. పెన్సిలు చెరిపేముందు పదిహేను నిమిషాలు ఆగండి, వానాకాలమైతే అరగంట.

రంగు

పెన్ను సిరా నీటికి కరిగేదో కాదో ముందే చూడండి. చిత్తు కాగితం మీద గీసి, ఆరాక తడి బ్రష్షుతో తుడవండి. కరగకపోతే సిరా మీద పలుచటి నీటి రంగు నిశ్చింతగా వేయవచ్చు. కరిగితే రంగు ముందు, సిరా తరవాత. పోస్టర్ రంగులు గీతలను కప్పేస్తాయి కాబట్టి వాటికి కూడా రంగే ముందు.

ఎరుపు నీడకు నలుపు కలపకండి, ఇటుక పొడిలా మట్టి రంగుకు తిరుగుతుంది. ఎరుపులో చిటికెడు నీలం కలిపితే పండిన నేరేడు రసం లాంటి లోతైన ఛాయ వస్తుంది, అది నీడకు సరిగ్గా కుదురుతుంది. జాతర దీపాలు కింద ఉన్నాయి కాబట్టి వెలుగు కింది నుంచి రావాలి. గడ్డం కింద, మోకాళ్ల కింద, వేళ్ల అడుగున లేత పసుపు అంచు పెట్టండి. పైభాగం రాత్రి నీలంలో కలిసిపోనివ్వండి. మామూలు బొమ్మకు తలకిందులైన ఈ వెలుగు ఒక్కటి చాలు, ఇది జాతర రాత్రి అని చెప్పడానికి.

వీధి

పైనుంచి చూస్తున్నాం కాబట్టి మేడల నిలువు గీతలన్నీ కిందికి వెళ్లే కొద్దీ ఒకే బిందువు వైపు దగ్గరవుతాయి. ఆ బిందువును కాగితం బయట, అట్ట మీద గుర్తు పెట్టుకోండి. జనాన్ని ఒక్కొక్కరిగా గీయనక్కర లేదు, తలల చుక్కలు, మధ్యలో నెత్తిన ఘటాలు మోసే ఆడవాళ్ల వరుస ఉంటే సరిపోతుంది. దుకాణం బోర్డు ఒకటి స్పష్టంగా పెట్టండి. ఒడియా అక్షరాల తల గుండ్రటి గొడుగులా ఉంటుంది, ఊహించి రాస్తే తప్పు వెంటనే దొరికిపోతుంది. నిజమైన బోర్డును ఫోటో తీసి అక్షరాలు చూసి దిద్దండి, దుకాణం పేరు మాత్రం మార్చండి. బొమ్మ చుట్టూ అంచు కావాలనుకుంటే బరంపురం పట్టు చీర అంచుమీది కుంభం వరుస కన్నా అందమైనది ఎందుకు వెతుక్కోవాలి? గుడి శిఖరాలు పక్కపక్కన పేర్చినట్టుండే ఆ నమూనా నీలం మీద ఎర్రగా మెరుస్తుంది.

కంప్యూటర్ మీదనో, ఫోను మీదనో గీసేవారికి క్రమం ఇదే. ఏ4 పరిమాణంలో అచ్చుకు పనికిరావాలంటే కాన్వాసు 2480 × 3508 పిక్సెళ్లు పెట్టుకోండి. ఒళ్లు ఒక పొరలో, వల వేరే పొరలో ఉంచితే వల నచ్చనప్పుడు పడవ చెడిపోదు. కంప్యూటర్ మీదైతే క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదలుపెట్టడానికి అది చాలు.

పేరు పెట్టే ముందు

ఈ వీరుడు మార్వెల్ సంస్థ సొత్తు. మన 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ సొంత, ప్రైవేటు వాడకానికి సముచిత వినియోగాన్ని ఒప్పుకుంటుంది. టీ చొక్కాల మీద అచ్చు వేసి అమ్మడం ఆ గీత దాటడమే, దానికి అనుమతి కావాలి. మరో చిత్రకారుడి బొమ్మను అద్దంలా దించి మీ పేరు పెట్టుకోవద్దు. ఎవరి భంగిమ చూసి నేర్చుకున్నారో బొమ్మ కింద రాయండి. నలుగురికీ చూపించేటప్పుడు వీరుడి సృష్టికర్తలుగా స్టాన్ లీ, స్టీవ్ డిట్కోల పేర్లు, అభిమాని గీసిన బొమ్మ అనే మాట తప్పకుండా ఉండాలి.

ఫోటో ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, ఎండ నేరుగా పడని వరండాలో తీయండి. కాగితాన్ని గోడకు నిటారుగా ఆనించి, ఫోనును దానికి సరిగ్గా ఎదురుగా పట్టండి. నా సంతకం ఆ దుకాణం బోర్డు కింది మూలలో, ఒకటి తెలుగులో, పక్కనే ఒకటి ఒడియాలో ఉంటుంది. బొమ్మ ఆరాక మొదట తీసుకువెళ్లి చూపించేది గోపాల్‌పూర్ ఒడ్డున వల కుట్టే ఆ పెద్దాయనకే. ఆయన రంగులు చూడడు, తల అంచు దగ్గర దారాలు ఒత్తుగా చేరాయో లేదో వేలితో తడిమి చూస్తాడు.